ఒకే చీటీలో రెండు యాంటీసైకోటిక్ మందులు: అవసరమా, అలవాటా?

కృష్ణాతీరం: మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే మానసిక జబ్బు) వచ్చి 9 ఏళ్లయింది. మొదట ఆ లక్షణాలను తగ్గించే యాంటీసైకోటిక్ మందు రిస్పెరిడోన్ ఇచ్చారు. నెల తిరగకముందే, చెవిలో మాటలు తగ్గలేదని, దాన్ని ఆపకుండానే అదే రకం మందు ఒలాంజపైన్ చేర్చారు. ఈ మందుల వల్ల చేతులు వణకకుండా ట్రైహెక్సీఫెనిడిల్‌ను మొదటి రోజే రాశారు. మూడూ నేటికీ సాగుతున్నాయి. అతను 22 కిలోలు బరువు పెరిగాడు, షుగరు కూడా వచ్చింది. ఒక మందును సరైన మోతాదులో ఆరు వారాలైనా చూడకుండా రెండోది చేర్చడం ఏ విధంగా సమంజసమో వైద్యులెవరైనా చెప్పాలని కోరుతున్నాను.

జిల్లా సైకియాట్రిస్టు: రెండు మందులు కనిపించగానే తప్పు అనుకోవద్దమ్మా. 62 వేలకు పైగా రోగుల వివరాలతో 2019లో వెలువడిన ఫిన్లాండ్ పరిశీలనలో, మళ్లీ ఆసుపత్రిలో చేరే అవసరం అతి తక్కువగా ఉన్నది రెండు మందులు కలిపి వాడినవారిలోనే. పైగా మందు మార్చేటప్పుడు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతాం. మధ్యలో కుటుంబం రావడం మానేసి పాత చీటీతోనే ఆరు నెలలు మందులు కొనుక్కుంటే, రెండూ అలాగే ఉండిపోతాయి.

మందుల షాపు: ట్రైహెక్సీఫెనిడిల్ సంగతి ఎవరూ మాట్లాడరేం? వణుకు లేనివారికి కూడా దాన్ని ఏళ్ల తరబడి ఇస్తే మలబద్ధకం, మతిమరుపు వస్తాయి. రిస్పెరిడోన్‌తో కలిపిన మాత్రనే రాస్తే, దాన్నొక్కదాన్నే ఆపడం కుదరదు.

కృష్ణాతీరం: డాక్టరు గారూ, ఆ పరిశీలనలో మేలనిపించిన జంట క్లోజపైన్, అరిపిప్రజోల్. మా తమ్ముడి చీటీలో ఆ రెండూ లేవు. ఇతర మందులకు లొంగనివారిలో 30 శాతం మందికి క్లోజపైన్‌తో ఆరు వారాల్లో మెరుగైందని, పోల్చి చూసిన క్లోర్‌ప్రొమజైన్‌తో 4 శాతానికే మెరుగైందని 1988లోనే తేలింది. రెండు మందులు విఫలమైతే ఇవ్వవలసిన ఆ మందు పేరైనా మాకు ఎవరూ చెప్పలేదు.

జిల్లా సైకియాట్రిస్టు: క్లోజపైన్‌తో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష తప్పదు. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు 80 మందిని చూసే ఓపీలో, పరీక్షకు ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో నేనొక్కడినే ఎలా కనిపెట్టగలను? మీరు ప్రతి నెలా తీసుకొచ్చారా? ముందు అది చెప్పండి.

కృష్ణాతీరం: తీసుకొచ్చాను. తీసుకొచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోగొట్టుకున్నాను. లోపలికి వెళ్తే, "నిద్రపోతున్నాడా, గొడవ చేస్తున్నాడా" అన్న రెండు ప్రశ్నలే అడిగారు, అవి కూడా నన్నే అడిగారు.

మందుల షాపు: ఆ రెండు ప్రశ్నలకు జవాబిస్తే ట్రైహెక్సీఫెనిడిల్ అవసరం తేలదు. వణుకుందా అని చేతులు చూడాలి.

రాజన్న: నేను 12 ఏళ్లుగా ఈ మందులే మింగుతున్నాను. పుస్తకంలో ఒక పేజీ పూర్తి చేయలేకపోతున్నాను, మోతాదు కొంచెం తగ్గించండి అని అడిగితే, డాక్టరు గారు మా అమ్మ వైపు చూశారు, అమ్మ తల అడ్డంగా ఊపింది. నాకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిందని నాకు తెలిసింది మొన్ననే.

జిల్లా సైకియాట్రిస్టు: మిమ్మల్ని అడగవలసిందే, కాదనను. కానీ మోతాదు తగ్గించాక జబ్బు తిరగబెడితే ఆ రాత్రి ఇంట్లో ఉండేది నేను కాదు, మీ అమ్మగారు. ఆవిడ భయాన్ని పక్కన పెట్టి నేను చీటీ రాయలేను.

కృష్ణాతీరం: ఆ భయం నాకూ ఉంది, అందుకే ఇంతసేపు వాదించాను కాబోలు. నోరు ఎండిపోతోందని, పగలంతా మత్తుగా ఉంటోందని మా తమ్ముడు రెండేళ్ల క్రితమే నాతో అన్నాడు. మందు తగ్గిస్తారేమోనని, డాక్టరు ముందు ఆ మాట ఎత్తవద్దని ఆపింది నేనే.