కన్సెంట్ అజెండా: ఒక్క ఓటుతో లిస్టంతా పాస్ చెయ్యడం న్యాయమా? (వర్జీనియా కౌంటీ బోర్డులు)

వీధిపౌరుడు
మా కౌంటీ పేరు చెప్పను, ఉత్తర వర్జీనియాలోదే. బోర్డు బిజినెస్ మీటింగ్ వీడియో చూశాను. కన్సెంట్ అజెండా అని, చర్చ లేకుండా ఒక్క ఓటుతో పాస్ చేసే పెద్ద లిస్టు. కాంట్రాక్టులు, గ్రాంట్లు, అడ్వైజరీ కమిషన్లకు నియామకాలు, రోడ్ల తీర్మానాలు అన్నీ అందులోనే. ఛైర్ "ఎవరైనా ఏదైనా తీయాలా?" అని అడిగారు, ఒకరు మోషన్ పెట్టారు, ఇంకొకరు సెకండ్ చేశారు, అందరూ ఆయ్ (సరే) అన్నారు. ఐటమ్స్ చదవలేదు, చర్చ అసలే లేదు. మా కాలనీలో మా పక్క ఫేజ్‌లో (విడతగా కట్టిన భాగంలో) వీధుల్ని వీడాట్‌కి (వర్జీనియా రవాణా శాఖకి) అప్పగించే తీర్మానం కూడా అందులోనే కొట్టుకుపోయింది.
నేను అడిగేది ఒకటే. బిల్డర్లతో, డబ్బుతో ముడిపడ్డ ఐటమ్స్‌నైనా విడివిడిగా ఓటుకి పెట్టాలా, వద్దా?

సెంటర్‌విల్_వాసి
పెట్టాలి. ఇందులో చర్చేముంది?

ప్యాకెట్_చదువరి
వద్దు. కారణం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.
కన్సెంట్‌లోకి వచ్చే ఐటమ్ ఆ రోజు పుట్టింది కాదు. ముందు స్టాఫ్ రిపోర్టు రాస్తారు: విషయం ఏంటి, ఖర్చెంత, ఏ ఖాతాలోంచి, ప్రత్యామ్నాయాలేంటి, చివర్న డ్రాఫ్ట్ మోషన్. పెద్దవైతే కమిటీకి వెళ్తాయి. ఉదాహరణకి లౌడన్ కౌంటీలో డబ్బు సంగతులకి ఒక కమిటీ, రోడ్లూ భూవినియోగానికి ఇంకో కమిటీ ఉన్నాయి. చర్చ జరిగేది అక్కడ. గొడవ లేకుండా బయటికొచ్చినవే మామూలుగా కన్సెంట్‌కి చేరతాయి. చట్టం పబ్లిక్ హియరింగ్ తప్పనిసరి చేసిన రీజోనింగ్ (భూమిని దేనికి వాడొచ్చో మార్చడం), ట్యాక్స్ రేటు, ఆర్డినెన్సు లాంటివి ముందు ఆ హియరింగ్ దాటి రావాల్సిందే.
మీటింగ్ నోటీసు కనీసం మూడు పని దినాల ముందు ఇవ్వాలి. సభ్యులకి ఏ అజెండా ప్యాకెట్ పంపుతారో, రహస్యమని చట్టం మినహాయించినవి తప్ప, అదే ప్యాకెట్ అదే సమయానికి జనానికీ అందుబాటులో పెట్టాలి. ఇది వర్జీనియా ఎఫ్ఓఐఏలోనే (సమాచార హక్కు చట్టంలోనే) ఉంది. మరి మీరు ఆ ప్యాకెట్ చదివారా?

వీధిపౌరుడు
చదివానా లేదా అన్నది వేరే సంగతి. పనిలో ఉండే మనిషి వందల పేజీల పీడీఎఫ్ ఎప్పుడు చదవాలి? సభ్యులు చదివారో లేదో మాత్రం మనకెలా తెలుస్తుంది, ఒక్క మాటా మాట్లాడకపోతే? మినిట్స్‌లో ఏమో "ఏకగ్రీవం".

ప్యాకెట్_చదువరి
ఏకగ్రీవం అంటే ఎవరూ వ్యతిరేకించలేదని. ఒక్క సభ్యుడు "ఈ ఐటమ్ తీయండి" అంటే చాలు, అది కన్సెంట్ నుంచి బయటికొచ్చి విడిగా చర్చకొస్తుంది. మనకి ఆ హక్కు లేదు, మన జిల్లా సూపర్‌వైజర్‌కి, అంటే బోర్డులో మన తరఫు సభ్యుడికి ఉంది. వాళ్ళ ఆఫీసుకి ఐటమ్ నంబరు, ఒక ప్రశ్న, ఎందుకు తీయాలో రెండు వాక్యాలు రాసి మీటింగుకి ముందు రోజు పొద్దున్నే అందేలా పంపండి. మీటింగ్ రోజు మధ్యాహ్నం పంపితే చదివే తీరిక ఎవరికీ ఉండదు. మళ్ళీ అడుగుతున్నాను, ప్యాకెట్ చదివారా?

తారురోడ్డు
వీధుల తీర్మానం గురించి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.
వర్జీనియాలో కౌంటీల వీధులు చూసుకునేది రాష్ట్రమే, అంటే వీడాట్. 1932 బర్డ్ రోడ్ చట్టం నుంచీ ఇంతే. ఆర్లింగ్టన్, హెన్రైకో మాత్రమే సొంత రోడ్లు చూసుకునే కౌంటీలు. కాబట్టి కొత్త కాలనీలో బిల్డర్ వేసిన వీధి పబ్లిక్ రోడ్డుగా లేఅవుట్ మ్యాపులో ఉన్నంత మాత్రాన ఎవరూ వచ్చి మంచు తియ్యరు. వీడాట్ సెకండరీ సిస్టమ్‌లోకి, అంటే వీడాట్ చూసుకునే స్థానిక రోడ్ల జాబితాలోకి చేరేదాకా దాని బాధ్యత బిల్డర్‌దే.
చేరాలంటే వరుసగా ఇవి జరగాలి. ఇళ్ళ పని ముగిసి లారీల రాకపోకలు తగ్గాక పై పొర తారు వెయ్యాలి. అప్పటిదాకా మ్యాన్‌హోల్ మూతలు బేస్ తారుకి పైన లేచి ఉంటాయి. స్నో ప్లౌ (మంచు తీసే బండి) బ్లేడుకి తగిలేవి అవే. తర్వాత తారు మందం కోర్ తీసి కొలుస్తారు. వాననీటి పైపుల్లోకి కెమెరా పంపి జాయింట్లు విడిపోయాయా, పైపు నలిగిందా చూస్తారు. పగిలిన కర్బులు, వాలు తప్పిన వీల్‌చెయిర్ ర్యాంపులు మార్పిస్తారు. వీధి మీద కనీసం మూడు వేరువేరు యజమానుల ఇళ్ళలో జనం ఉండాలి. రైట్ ఆఫ్ వే (రోడ్డుకి కేటాయించిన స్థలం) లోపల కరెంటు, గ్యాస్ కంపెనీల ఈజ్‌మెంట్లు (ఆ స్థలం వాడుకునే హక్కులు) ఉంటే వాళ్ళు వదులుకున్నట్టు కాగితం రాయాలి. ఎక్కువ ఆలస్యం ఇక్కడే. పనంతా బాగున్నా ఒక్క సంతకం కోసం నెలలు పోతాయి.
ఇదంతా అయ్యాక బోర్డు తీర్మానం. అందులో కొత్తగా నిర్ణయించేదేమీ లేదు: ఫలానా వీధులు, పొడవింత, 33.2-705 సెక్షన్ కింద చేర్చుకోమని కోరుతున్నాం, ఏ చిక్కూ లేని రైట్ ఆఫ్ వే ఉందని, డ్రైనేజీకి కావలసిన ఈజ్‌మెంట్లు ఉన్నాయని హామీ ఇస్తున్నాం, సర్టిఫైడ్ కాపీ వీడాట్‌కి పంపండి. అంతే. దీని మీద బోర్డు సభ్యులు ఏం చర్చిస్తారు? తారు మందం మీద ఓటెయ్యాలా?

నిశ్శబ్దపాఠకుడు
మా వీధికి మూడు చలికాలాలుగా ప్లౌ రాకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.

లెక్కలపుస్తకం
నిజంగా డబ్బు కదిలే ఐటమ్ వదిలేసి వీధుల మీద పడ్డారేంటి? ప్రతి ఏటా హియరింగ్‌కి ముందు "ఏ ట్యాక్స్ రేటుని ప్రకటించాలి" అని ఓటు ఉంటుంది. ప్రకటించిన రేటే పైకప్పు. తర్వాత తగ్గించొచ్చు, పెంచాలంటే మళ్ళీ ప్రకటన ఇచ్చి మళ్ళీ హియరింగ్ పెట్టాలి. లౌడన్‌లో 2024 రేటు ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకి 0.865 డాలర్లు, 2025లో 0.805. ఎనిమిది లక్షల డాలర్ల ఇంటికి 6,920 నుంచి 6,440. ఒక్క సెంటు అంటే అదే ఇంటికి 80 డాలర్లు. ఇంకో సంగతి, రేటు తగ్గినంత మాత్రాన బిల్లు తగ్గదు. కౌంటీ మొత్తం మీద అసెస్‌మెంట్లు (కౌంటీ కట్టే ఇళ్ళ విలువలు) పెరిగి పన్ను ఆదాయం ఒక శాతమో అంతకన్నా ఎక్కువో పెరిగేలా ఉంటే, రేటు మార్చకపోయినా చట్టం దాన్ని పెంపుగానే చూసి, సమాన ఆదాయానికి ఎంత రేటు చాలో నోటీసులో చూపించమంటుంది. ఆ నోటీసు చదవండి.

వీధిపౌరుడు
లెక్కలపుస్తకం గారూ, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, వస్తాను.
తారురోడ్డు గారూ, మీరు చెప్పిన మెట్లన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి వదిలేశారు. వీడాట్ చేర్చుకున్నాక బిల్డర్ పెట్టిన పెర్ఫార్మెన్స్ బాండ్ (పని పూర్తి చేస్తానని కౌంటీ దగ్గర పెట్టే డబ్బు హామీ) ఏమవుతుంది?

తారురోడ్డు
వదిలెయ్యలేదు, అడగలేదు కాబట్టి రాయలేదు. రాష్ట్ర చట్టంలో 15.2-2245 చూడండి. పని కనీసం 30 శాతం అయ్యాక విడతలుగా బాండ్ తగ్గించమని బిల్డర్ అడగొచ్చు. కౌంటీ ఏడాదికి మూడు సార్లకు మించి తగ్గించాల్సిన పనిలేదు. పని పూర్తయిందని రాసిచ్చిన 30 రోజుల్లో కౌంటీ లోపాలు చూపించాలి, లేకపోతే ఆ విడతకి ఒప్పుకున్నట్టే లెక్క. చివరి విడుదలకి మాత్రం ఇంకోసారి సర్టిఫైడ్ మెయిల్‌లో అడగాలి. ఆ సౌకర్యాన్ని నడిపే ఏజెన్సీ స్వాధీనం చేసుకుంటే దాన్ని యాక్సెప్టెన్స్ అంటారు. అది జరిగితే మిగతా బాండ్ వదలాల్సిందే.

వీధిపౌరుడు
చూశారా! మీ నోటితోనే వచ్చింది. వీధిని వీడాట్ తీసుకున్న రోజు బాండ్ వదలక తప్పదు. మరి ఆ తీర్మానం "కొత్తగా నిర్ణయించేదేమీ లేదు" అని ఎలా అంటారు? మా దగ్గర బిల్డర్ రీజోనింగ్ రోజుల్లో ట్రైల్ (నడకదారి) వేస్తానని, పిల్లల ఆటస్థలం కడతానని ప్రోఫర్ (రీజోనింగ్ కోసం ఇచ్చే రాతపూర్వక హామీ) రాసిచ్చాడు. రెండూ లేవు. వీధులు అప్పగించేశాడు, బాండ్ తీసుకెళ్ళిపోతాడు. ఇంక మన చేతిలో ఏముంటుంది? ఈ సంగతి ఒక్క సభ్యుడూ అడగలేదు. మీరు మాట్లాడేదంతా బిల్డర్ల తరఫునే ఉంది.

తారురోడ్డు
ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. నేను ఎవరి తరఫునా లేను. బాండ్, ప్రోఫర్ రెండూ వేరు. మీరు రెంటినీ కలిపేసి నన్ను తిడితే ఎలా?

కల్‌డిసాక్
వీధిపౌరుడు గారూ, నేను మొదట్నుంచీ చదువుతున్నా. మీ వీధి ఎప్పుడో చేరిపోయింది. మీకు ప్లౌ వస్తుంది. మీ ట్రైల్ కోసం మా వీధుల తీర్మానం ఆపమంటున్నారు, అంతేగా? మా ఫేజ్‌లో మంచు పడితే స్కూల్ బస్సు లోపలికి రాదు, పిల్లలు మెయిన్ రోడ్డు దాకా నడవాలి. బిల్డర్ పంపే కాంట్రాక్టర్ ఎప్పుడొస్తాడో తెలియదు. మ్యాన్‌హోల్ మూతకి బ్లేడు తగిలిందని సగంలో వెళ్ళిపోయిన రోజులున్నాయి. మీ చేతిలో పగ్గం ఉండాలని మేము మంచులో ఉండాలా?

సెంటర్‌విల్_వాసి
ఇప్పుడొచ్చింది అసలు విషయం.

వీధిపౌరుడు
అవును, అదే విషయం. దాచను. మీ బాధ నిజమే. కానీ తీర్మానాన్ని ఒక్క మీటింగ్ ఆపి, "ట్రైల్ సంగతేంటి" అని బోర్డు అందరి ముందూ అడిగితే బిల్డర్ కదులుతాడు. ఎవరూ అడగకపోతే ట్రైల్ ఎప్పటికీ రాదు. ఇప్పుడు మంచు పోతే మీకు హాయి. అయిదేళ్ళ తర్వాత మీ పిల్లలూ ఆ ట్రైల్ లేక రోడ్డు అంచునే నడుస్తారు.

కల్‌డిసాక్
"ఒక్క మీటింగ్" అంటారు. తర్వాత వీడాట్ కాగితం, అంతలో మళ్ళీ తనిఖీ చెయ్యాలంటే ఇంకో పంచ్ లిస్టు (సరిచెయ్యాల్సిన లోపాల జాబితా). ఆ ఆలస్యం బిల్డర్ జేబుకి తగలదు, మాకు తగులుతుంది.

ప్యాకెట్_చదువరి
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మీ పగ్గం ఎక్కడుందో చూడకుండా కొట్టుకుంటున్నారు.
ముందు రీజోనింగ్ ఫైలు నంబరు పట్టుకుని ప్రోఫర్ స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. ప్రతి హామీకీ ఒక ట్రిగ్గర్, అంటే ఎప్పటిలోగా చెయ్యాలన్న గడువు ఉంటుంది: "ఇన్నో ఇంటి జోనింగ్ పర్మిట్‌కి ముందు" అనో, "ఫలానా రోడ్డు తెరిచేలోపు" అనో. ఆ గడువు దాటి, ట్రైల్ లేకపోతే అది జోనింగ్ ఉల్లంఘన. అమలు చేసేది జోనింగ్ అడ్మినిస్ట్రేటర్. నోటీసు ఇవ్వొచ్చు, మిగతా పర్మిట్లు ఆపొచ్చు. ప్రోఫర్ భూమితోపాటే పోతుంది, మిగిలిన లాట్లు ఇంకో బిల్డర్‌కి అమ్మినా కొన్నవాడికీ వర్తిస్తుంది. మార్చాలంటే మళ్ళీ బోర్డు దగ్గరికే రావాలి.
రెండోది, బాండ్ ఎస్టిమేట్ షీట్. కర్బు ఎన్ని అడుగులు, పైపు ఎంత, తారు ఎన్ని టన్నులు, చెట్లు, వీధిదీపాలు అన్నీ వరుసలుగా ఉంటాయి. ట్రైల్ ఆ షీట్‌లో ఉందా లేదా చూడండి. ఉంటే వీధులు చేరినంత మాత్రాన మొత్తం బాండ్ పోదు, ఆ వరుస మిగిలే ఉంటుంది. లేకపోతే తీర్మానాన్ని ఎన్ని మీటింగులు ఆపినా ట్రైల్‌కి ఉపయోగం లేదు. ఎఫ్ఓఐఏ కింద రాసి అడిగితే అయిదు పని దినాల్లో జవాబివ్వాలి. "ఫలానా సబ్‌డివిజన్ (కాలనీ), ఫలానా ఫేజ్ బాండ్ ఎస్టిమేట్, ఇప్పటిదాకా తగ్గించిన మొత్తాల లేఖలు" అని సూటిగా అడగండి. "అన్ని కాగితాలూ" అంటే ఖర్చు వేస్తారు, గడువు పొడిగిస్తారు.

తారురోడ్డు
ఇదే నేను చెప్పబోయింది. ఒక హెచ్చరిక. ట్రిగ్గర్ చివరి ఇళ్ళకి పెడితే బిల్డర్ ఆ ఇళ్ళ సంఖ్యకి ఒకటి రెండు తక్కువలో ఆగిపోతాడు. అప్పుడు ఉల్లంఘన లేదు, ట్రైలూ లేదు. చాలా చోట్ల చెడేది ఇక్కడే.

వీధిపౌరుడు
మరి ఆ ట్రిగ్గర్‌ని చివరి ఇళ్ళకి ఒప్పుకున్నదెవరు? రీజోనింగ్‌కి ఓటేసిన బోర్డే కదా. అందుకే అంటున్నాను, ఏ చిన్న తీర్మానమైనా పాత హామీలతో పోల్చి చూడాలి. కనీసం స్టాఫ్ రిపోర్టులో "ఈ సబ్‌డివిజన్‌లో ఇంకా తీరని ప్రోఫర్లు ఇవి" అని ఒక పేరా పెట్టమనండి. అది ఉంటే కన్సెంట్‌లో పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ప్యాకెట్_చదువరి
ఆ పేరా అడగడం సబబే. పబ్లిక్ ఇన్‌పుట్‌లో ఇచ్చే రెండు మూడు నిమిషాల్లో అదొక్కటే అడగండి. ఏకగ్రీవం గురించి మొదలుపెడితే టైమ్ అక్కడే అయిపోతుంది.

తారురోడ్డు
పేరాకి నేనూ సరే. తీర్మానం ఆపడానికి మాత్రం సరే అనను. నన్నన్న మాట ఇంకా అలాగే ఉంది, గుర్తుంచుకోండి.

కల్‌డిసాక్
పేరా పెట్టుకోండి, ట్రైల్ వేయించుకోండి, నేనూ వచ్చి మాట్లాడతా. కానీ మా మిగతా రెండు వీధుల తీర్మానం మొదటి మంచు పడేలోపు లిస్టులో ఉంటుందని విన్నాను. దాన్ని తీయమని మీరు సూపర్‌వైజర్‌కి ఈమెయిల్ పెడితే, ఉంచమని మా ఫేజ్‌లో ఉన్న ప్రతి ఇంటి నుంచీ పెట్టిస్తాను.