ఐ5-7400 నుంచి ఎటు వెళ్లాలి? ఓవర్‌క్లాక్ కోసం కే చిప్ కొనడం దండగేనా?

నాలుగుకోర్లు:

అన్నలూ, ఒక సలహా కావాలి. నాది ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసర్. నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2017 నుంచి దీన్నే తోముతున్నా. ర్యామ్ 16 జీబీ డీడీఆర్4-2400, మానిటర్ 1080పీ 144 హెర్ట్జ్, మొన్నీమధ్యే ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టా. కార్డు మారిస్తే దశ తిరుగుతుందనుకున్నా, తిరగలేదు. కౌంటర్-స్ట్రైక్ 2లో ఒక్కణ్నే తిరుగుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. పొగ కమ్ముకుని నలుగురు ఒకేసారి ఎదురయ్యారంటే బొమ్మ అరక్షణం బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి నేను చచ్చిపడి ఉంటా. వెనక డిస్కార్డ్, ఓబీఎస్ రికార్డింగ్, బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు ఎప్పుడూ ఉండేవే. రికార్డింగ్ పెట్టుకుని వింటే నా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది.

బోర్డు, ర్యామ్‌తో సహా మార్చేద్దామనుకుంటున్నా. ఏఎండీ రైజెన్ 5 7600 ఒకటి, ఇంటెల్ ఐ5-14600కే ఒకటి దృష్టిలో ఉన్నాయి. ఓవర్‌క్లాక్ చేయాలని, అంటే చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువలో నడపాలని ఎప్పటినుంచో కోరిక, 7400కి వేగం పెంచకుండా లాక్ ఉండటంతో తీరలేదు. అందుకే మనసు కే వైపు, అంటే లాక్ లేని ఇంటెల్ చిప్ వైపు లాగుతోంది. కానీ కే చిప్, ఓవర్‌క్లాక్ చేయనిచ్చే జెడ్790 బోర్డు, దానికి తగ్గ కూలర్ అన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతోంది. పెట్టినంతకు ఫలితం ఉంటుందా?

ఫ్యాన్‌చప్పుడు:

అదే బోర్డులో సెకండ్‌హ్యాండ్ ఐ7-7700 వేసెయ్ బ్రో. 8 థ్రెడ్లు వస్తాయి. పావుగంట పని.

పాతసాకెట్:

పావుగంట పనే గానీ, ఆ సాకెట్‌కి (బోర్డు మీద చిప్ కూర్చునే గూడు) అంతకు మించి దారి లేదు. పైగా విండోస్ 11 అధికారిక జాబితాలో 7700 లేదు, విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. దాని మీద ఇంకా డబ్బు పెట్టమని నేనైతే చెప్పను.

తమ్ముడూ, ఏదైనా కొనేముందు ఒక పని చెయ్యి. రిజల్యూషన్ 720పీకి దించి, అదే మ్యాప్‌లో అదే చోట ఆడి చూడు. ఫ్రేములు ఎగబాకితే ఇన్నాళ్లూ కార్డు మీద భారం పడుతోందని అర్థం. ఎక్కడివి అక్కడే ఉంటే ప్రాసెసర్ చేతులెత్తేసింది. టాస్క్ మేనేజర్‌లో మొత్తం శాతం ఒక్కటీ చూసి మోసపోకు. 12 థ్రెడ్ల చిప్‌లో రెండు థ్రెడ్లు ఊపిరాడక కొట్టుకుంటున్నా మొత్తం మీద 30 శాతమే చూపించొచ్చు.

ఇక నీ ఓవర్‌క్లాక్ కోరిక సంగతి. నేను ఈ పిచ్చిలో పడింది సెలెరాన్ 300ఏ రోజుల్లో. 1998 నాటి చిప్. గుణకం 4.5, బస్ 66 మెగాహెర్ట్జ్. బస్ అంటే బోర్డు ఇచ్చే మూల వేగం, దాన్ని గుణకంతో హెచ్చిస్తే చిప్ వేగం. ఆ బస్‌ని 100 చేస్తే 300 కాస్తా 450 అయ్యేది. ఒక్క మార్పుతో సగానికి సగం వేగం ఊరికే వచ్చేది. తర్వాత క్యూ6600 వచ్చింది, 266 బస్‌ని 333 చేస్తే 2.4 గిగాహెర్ట్జ్ చిప్ 3 దగ్గర నడిచేది. చవక చిప్ కొని ఖరీదైన చిప్ పని చేయించడమే అప్పట్లో ఓవర్‌క్లాక్ అంటే. ఇప్పుడు ఆ మీగడంతా తయారుచేసేవాళ్లే తీసి చిప్ మన చేతికిస్తున్నారు. 14600కే డబ్బాలోంచి తీసినప్పుడే 5.3 దాకా వెళ్తుంది. నువ్వు ఇంకో 200, 300 మెగాహెర్ట్జ్ పిండితే పెరిగేది నాలుగైదు శాతం, గేమ్‌లో కనిపించేది అంతకన్నా తక్కువ. దాని కోసం జెడ్ బోర్డు, పెద్ద కూలర్ కొంటావు. అదే డబ్బుతో ఒక మెట్టు పై చిప్ వస్తుంది.

ఇంటెల్‌లో గుణకం పెంచాలంటే కే చిప్, జెడ్ బోర్డు రెండూ ఉండాలి. బీ760 బోర్డులో ర్యామ్ వేగం పెంచుకోనిస్తారు గానీ కోర్ల జోలికి పోనివ్వరు. 7600కి లాక్ లేదు, బీ650 బోర్డు చాలు. కూలర్ కూడా డబ్బాలోనే వస్తుంది, 7600ఎక్స్‌తో అది రాదు. ఏ620 బోర్డు మాత్రం చవకగా ఉందని తీసుకోకు, నీ కోరిక మళ్లీ అలాగే మిగిలిపోతుంది.

నాదీ 7600నే. ర్యామ్ ప్యాకెట్ మీద 6000 అని ఉన్నా బోర్డు మొదట 4800లోనే నడిపింది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేస్తేగాని 6000 రాలేదు. ఇది చేయకుండా ఏడాదంతా వాడేసి "రైజెన్ బాలేదు" అనేవాళ్లున్నారు. ఆ తర్వాత పీబీఓ అనే ఏఎండీ ఓవర్‌క్లాక్ మెనూలోకి వెళ్లి, కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టా. అంటే అదే వేగానికి తక్కువ వోల్టేజీ ఇవ్వడం. చిప్ మీద బరువు పెట్టి పరీక్షించే సినీబెంచ్ అరగంట, ప్రైమ్95 గంట నడిపా, చెక్కుచెదరలేదు. పొంగిపోయా. మర్నాడు పొద్దున ఏ గేమూ లేదు, ఊరికే ఒక పీడీఎఫ్ కిందికి జరుపుతున్నా, తెర నల్లబడి రీస్టార్ట్! ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రాసెసర్ హార్డ్‌వేర్ ఎర్రర్. బరువు పనిలో అన్ని కోర్లూ కలిసి లాగుతాయి కాబట్టి వేగం కాస్త దిగి తట్టుకుంటుంది. తేలిక పనిలో ఒకే కోర్ 5.1 దాకా ఎగిరి దూకుతుంది, ఆ దూకుడుకి వోల్టేజీ చాలదు. చివరికి ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించా. ఐదు కోర్లు మైనస్ 25కి ఒప్పుకున్నాయి, ఆరోది మైనస్ 12 దాటితే మొండికేసింది. వారం పట్టింది. పెరిగిన ఫ్రేములు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వేడి 7 డిగ్రీలు తగ్గి ఫ్యాన్ నోరు మూసుకుంది, అదే లాభం. అయినా కొత్త చిప్ కొంటే మళ్లీ చేస్తా. చింత చచ్చినా పులుపు చావదు.

రాత్రిరెండర్:

పాతసాకెట్ గారూ, గేమ్స్ వరకు మీ మాటే నిజం. కానీ తమ్ముడు పక్కన నాలుగు పనులు పెట్టుకుంటానంటున్నాడు కదా. 14600కేలో 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు, మొత్తం 20 థ్రెడ్లు. నాది 13600కే, కోర్ల లెక్క అదే. రాత్రి బ్లెండర్ రెండర్ పెట్టి అదే సిస్టమ్‌లో ఎడిటింగ్ చేసుకుంటా. 7600తో ఆ పని చేస్తే చేతులు కట్టుకుని కూర్చోవాలి. కాకపోతే పూర్తి బరువులో 181 వాట్ల దాకా లాగుతుంది, చిన్న కూలర్‌తో అయ్యే పని కాదు. తీసుకుంటే ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యండి. 13, 14 తరాల చిప్‌లలో వోల్టేజీ ఎక్కువై అస్థిరత వస్తోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, కొత్త మైక్రోకోడ్ (చిప్ లోపలి కోడ్‌కి సవరణ) ఇచ్చి, వారంటీ కూడా రెండేళ్లు పెంచింది.

ఇంతకీ ఓబీఎస్‌లో ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది) ఏది పెట్టావు తమ్ముడూ? ప్రాసెసర్‌తో పనిచేసే ఎక్స్264 ఉంటే రికార్డింగ్ భారమంతా పాపం ఆ నాలుగు కోర్ల మీదే. 3060లో ఎన్‌వెంక్ అనే సొంత ఎన్‌కోడర్ ఉంది, దానికి మార్చు. పైసా ఖర్చు లేదు.

నాలుగుకోర్లు:

అన్నా, ఎక్స్264నే ఉంది! కొత్త కార్డు పెట్టాక ఆ సెట్టింగ్ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఎన్‌వెంక్‌కి మార్చగానే గొంతు అతుక్కుంది. పొగలో బిగుసుకోవడం మాత్రం తగ్గింది గానీ పోలేదు. 720పీ పరీక్ష కూడా చేశా: 1080పీలో 94 ఫ్రేములు, 720పీలో 96. అంటే చిప్పే కదా? రెండరింగ్ నేను చేయను. నా ఓటు రైజెన్ 7600 వైపే. కానీ ఆరు కోర్లు ఎన్నాళ్లు వస్తాయంటారు?

పాతసాకెట్:

చిప్పే. ఆరు కోర్లు చాలనప్పుడు చిప్ ఒక్కటే మార్చుకుంటావు. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. రేపెప్పుడో 7800ఎక్స్3డీ లాంటిది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అదే బోర్డులో కూర్చుంటుంది. 7600లో ఎల్3 క్యాష్ (చిప్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, దాంట్లో 96. నీలా ఎక్కువ ఫ్రేముల కోసం ఆడేవాడికి మెగాహెర్ట్జ్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. మొదటిసారి ఆన్ చేసినప్పుడు చాలాసేపు తెర నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకుంటూ ఉంటుంది. కంగారుపడి పవర్ తీసెయ్యకు.

నాలుగుకోర్లు:

రెండు వారాల తర్వాత వచ్చా. బిగించి ఆన్ చేశా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నలుపు. ఒక నిమిషం, రెండు, మూడు. నాలుగో నిమిషంలో వేలు పవర్ బటన్ దాకా వెళ్లింది. అన్న మాట గుర్తొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా. అప్పుడొచ్చింది బయోస్. ఎక్స్‌పో పెట్టగానే మళ్లీ నలుపే, ఈసారి భయపడలేదు.

పొగలో నలుగురొచ్చారు, బొమ్మ ఆగలేదు. చచ్చాను లెండి, అది నా ఆట. నిన్న కర్వ్ మైనస్ 20 పెట్టా. సినీబెంచ్ అయింది. ఇప్పుడు 300 పేజీల పీడీఎఫ్ తెరిచి కిందికి జరుపుతూ కూర్చున్నా.