కుక్కపిల్లను బయట తిప్పి తెచ్చినా లోపలికొచ్చి ఉచ్చ పోస్తోంది, ఏం చేయాలి?

మేడమీద_నెల్లూరు:
మాది వేదాయపాళెం, అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. మా అబ్బాయి పోరు పడలేక పన్నెండు రోజుల కిందట ఒక నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి రెండు నెలలు దాటింది. పొద్దున్నే కిందకి తీసుకెళ్లి పావుగంట రోడ్డు మీద తిప్పుతాను, గడ్డి వాసన చూస్తుంది, నా చెప్పు పట్టుకుని లాగుతుంది, అన్నీ చేస్తుంది గానీ ఒంటికి మాత్రం పోదు. మెట్లెక్కి తలుపు తీశానో లేదో హాలు మధ్యలో కూర్చుని పోసేస్తుంది. నిన్న పూజ గది గడప దగ్గరే పోసింది, అత్తయ్య రాత్రి అన్నం కూడా తినలేదు. మా వారేమో దాని ముక్కు అందులో అద్ది రెండు తగిలించమంటున్నారు, నాకు చేయి రావడం లేదు. ఫినాయిల్ వేసి తుడుస్తున్నా మళ్లీ అక్కడే పోస్తోంది. నీళ్లు తగ్గించి చూడనా? ఇంటి ఓనరుకు తెలుస్తుందేమోనని ఒకటే టెన్షన్.

ఒంగోలు_బ్రౌనీ:
అక్కా, కొట్టొద్దు, ముక్కు అద్దొద్దు. అప్పుడెప్పుడో పోసినదానికి ఇప్పుడు కొడితే దేనికి కొట్టారో దానికి తెలియదు, మీరు చూస్తుండగా పోయకూడదని మాత్రం నేర్చుకుంటుంది. తర్వాత మంచం కిందో సోఫా వెనకో పోస్తుంది, బయట మీ ముందు అసలు పోయదు. మా బ్రౌనీని నేను అలాగే చెడగొట్టుకున్నాను, నాలుగు దెబ్బలకి నెల పట్టింది మళ్లీ నా దగ్గరికి నమ్మకంగా రావడానికి.

నీళ్లు అస్సలు తగ్గించొద్దు, ఈ రోహిణి ఎండల్లో పిల్లకి ప్రాణం మీదకొస్తుంది. రెండు నెలల పిల్ల మెలకువగా ఉంటే రెండు గంటలు ఆపుకోవడమే ఎక్కువ. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆట ఆపగానే, ఈ మూడు వేళల్లో తప్పకుండా తీసుకెళ్లండి, రాత్రి కూడా ఒకసారి లేవాలి. తిప్పొద్దు. ఒకే చోట నిలబడి "ఒంటికి పో" అని అదే మాట అనండి. పోయడం అయిన మరుక్షణం, అక్కడే, చిన్న కోడి ముక్క పెట్టండి, ఇంట్లోకి వచ్చాక పెడితే లాభం లేదు. ఐదు నిమిషాల్లో పోయకపోతే లోపలికి తెచ్చి వదిలేయకుండా ఒళ్లో పెట్టుకోండి, పది నిమిషాలాగి మళ్లీ అదే చోటికి. మీ బాధంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది, బయట ఆటలో పడి మరిచిపోయి, లోపల నెమ్మదించాక దానికి గుర్తొస్తోంది.

కావలి_సముద్రం:
రోడ్డు మీద తిప్పుతున్నారని చదివి భయమేసింది. టీకాలు మొదలుపెట్టారా? పార్వో అని, కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం తీసే వైరస్, అది మట్టిలో నెలల తరబడి ఉంటుంది, వీధి కుక్కలు తిరిగే చోట దించితే అంటుకుంటుంది. ఆరు ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా వేయిస్తారు, రేబిస్‌ది మూడు నెలలకి. అవి అయ్యేదాకా డాబా మీద నీడలో ఒక వెడల్పాటి టబ్బులో ఇసక పోసి పెట్టండి. ఇంట్లో పోసినది తుడిచిన గుడ్డ ముక్క ఆ ఇసకలో వేస్తే వాసన పట్టి అక్కడికే పోతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు, కాళ్లు కాలతాయి.

ఫినాయిల్ మానేయండి. మన ముక్కుకు వాసన పోయినట్టుంటుంది గానీ దానికి తెలుస్తూనే ఉంటుంది, పైగా ఆ నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల షాపులో దొరికే ఎంజైమ్ క్లీనరు (ఉచ్చ వాసనని పూర్తిగా పోగొట్టే ద్రవం) వేయండి. కొందరు వెనిగర్ చెప్తారు గానీ మార్బుల్‌కీ కడప బండలకీ వేస్తే మచ్చలు పడతాయి, అద్దె ఇల్లు కదా.

మార్కాపురం_పల్లె:
చుక్క చుక్కగా మాటిమాటికీ పోస్తుంటే, ముక్కుతుంటే మాత్రం శిక్షణ సంగతి కాదు, డాక్టరుకి చూపించండి.

మేడమీద_నెల్లూరు:
అందరికీ థ్యాంక్స్. చుక్కలు కాదు, బాగానే పోస్తుంది. మొదటి డోసు నిన్న వేయించాం, రోడ్డు మీదకి దించడం మానేశాను. టబ్బు డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో పెట్టాను. మొదటి రోజు ఇసకంతా తవ్వి పోసింది. ఈరోజు పొద్దున ఐదున్నరకి రెండోసారి తీసుకెళ్తే పోసింది! కోడి ముక్క మా అత్తయ్యే పెట్టింది.