సుత్తి తలతో చేసిన గొడ్డలి: తల వదులవుతోంది, అంచు విరిగింది, ఏం చేయాలి?

ఉప్పల్_కొలిమి:
అందరికీ నమస్తే. ఘట్‌కేసర్ దగ్గర మా జాగాలో చిన్న కొలిమి పెట్టుకున్నా. రాణిగంజ్‌లో కిలో బాల్ పీన్ సుత్తి (ఒక పక్క గుండ్రంగా ఉండేది) తల కొన్నా, కామ కన్నం ముందే ఉంటుంది కదా, ఆ కష్టం తప్పుతుందని. ఒక పక్క ఎర్రగా కాల్చి సాగగొట్టి గొడ్డలి చేసేసరికి నాలుగు ఆదివారాలు పట్టింది. చివర్లో మళ్లీ కాల్చి బకెట్ నీళ్లలో ముంచా. కామకి అప్పుడే కొట్టిన తుమ్మ కొమ్మ వేశా. మూడు వారాలకే తల కదులుతోంది, రాత్రంతా నీళ్లలో నానబెడితే బిగుస్తుంది, రెండ్రోజులకి మళ్లీ వదులు. నిన్న వేప దుంగ మీద వేస్తే అంచు గోరంత ఎగిరిపోయింది. దీన్ని బాగుచేయొచ్చా?

చెక్కపని_మల్కాజిగిరి:
తుమ్మ మంచి కట్టెనే అన్నా, పచ్చిది పెట్టుడే తప్పయింది. పచ్చి కట్టె ఎండితే గుంజుకుంటది, తల వదులైతది. నానబెట్టుడు మాత్రం ఆపేయి, ఉబ్బిన కట్టె కన్నంలో నలిగిపోతది, ఆరినంక ఇంకా ఎక్కువ వదులైతది. కొత్త కట్టె చీల్చి నీడకు ఆరబెట్టి వారానికోసారి తూకం వేయి, బరువు తగ్గుడు ఆగితే ఎండినట్టు. కట్టె పోగు కామ పొడుగునా తెగకుండా పోవాలె, అడ్డంగ బయటికి పోతే అక్కడ్నే విరుగుతది. కామ పైకొనకు రంపంకోత కన్నం లోతులో మూడింట రెండొంతులు పెట్టు, అందుల ఎండిన గట్టి చెక్క చీల కొట్టు. తల ఎక్కించేటప్పుడు తల కిందికి వేలాడేటట్టు కామ పట్టుకొని కామ అడుగున కొట్టు, బరువుకు తలే పైకి ఎక్కుతది, నేను మొదటిసారి చూసి నమ్మలే. ఆఖర్న అవిసె నూనె పట్టియ్యి.

ఉప్పల్_కొలిమి:
థాంక్స్ అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు. మరి అంచు సంగతి?

కమ్మరింటి_మనవడు:
నీళ్లలో ముంచి అట్లనే వదిలేసినవ్ కదా, అందుకే ఇరిగింది తమ్మీ. ముంచిన ఉక్కు గాజు లెక్క ఉంటది, దాన్ని మళ్లీ కొంచెం వేడి చేసి మెత్తబరచాలె. ముందు అంచు పొడుగునా పగుళ్లున్నయా చూడు, నీళ్లకు ఒక్కోసారి సన్నగా పగులుతది. పగులు కన్నం వైపు పోయి ఉంటే ఆ తల వాడకు, కొట్టినప్పుడు ముక్క కంట్లోకి వస్తది. లేకపోతే విరిగినంత మేర సానపట్టు, మధ్యమధ్యల నీళ్లలో ముంచుకుంట, నీలం రంగు రానియ్యకు. తర్వాత కామ తీసేసి తల తెల్లగ రుద్ది ఓటీజీల (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 250 డిగ్రీలకు గంట, చల్లారినంక ఇంకో గంట పెట్టు. మా తాతకు ఓవెన్ యాడిది, అంచు మట్టుకే ముంచి తీసి రాయితో గీకెటోడు, వెనక వేడి అంచుకు పాకుతుంటే పసుపు, గోధుమ, వంగపండు రంగులు వరుసగ వచ్చేవి, వంగపండు రంగు అంచుకు తాకంగనే మళ్లీ నీళ్లల పెట్టెటోడు. నేను పక్కన కూసొని తిత్తి ఊదేది.
మళ్లీ చేస్తే నీళ్లొద్దు, గోరువెచ్చటి పల్లినూనెల ముంచు. అయస్కాంతం అంటుకునుడు మానినంక ఇంకొంచెం కాల్చి అప్పుడు ముంచాలె.

ఉప్పల్_కొలిమి:
చూశా, పగులు లేదు. ఆకురాయి అంచు మీద జారిపోతోంది, మీరు చెప్పినట్టు బాగా గట్టిగానే ఉంది. రేపు ఓవెన్‌లో పెడతా, తుమ్మ కట్టె చీల్చి ఇవాళే తూకం వేసి రాసుకున్నా.