సెప్టెంబరు 26, మ్యూనిక్: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రోజు పనులు, ఎవరికి ఏది

సమన్వయం:
అందరికీ నమస్కారం. నిన్న కాల్‌లో తేదీ తేలలేదు, ఇక్కడే తేల్చేద్దాం. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్ గురించి చెప్పుకునే రోజు, 2004లో మొదలైంది, ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరుపుతారు, ఆ లెక్కన 2026లో అది 19న. కానీ వినాయక చవితి 14న సోమవారం పడింది కాబట్టి మన తెలుగు సంఘం పూజ ఆ తర్వాతి శనివారమే, అంటే అదే రోజు, అదే హాలు. పైగా ఇక్కడి పెద్ద బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్ మొదలయ్యేదీ ఆ రోజే.

పూజ అయ్యాక ఓ మూల రెండు బల్లలు వేసి కానిచ్చేద్దాం అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఒప్పుకోలేను. పట్టుచీర కట్టుకుని, ఓ చేతిలో ప్రసాదం, ఇంకో చేతిలో పిల్లాడు ఉన్న మనిషి లాప్‌టాప్ తెచ్చుకుని మన ముందు రెండు గంటలు కూర్చోదు. ఆ మూలకి వచ్చేది మనకి ముందే తెలిసిన నలుగురే. 12న అంటే బవేరియా స్కూళ్ళకి వేసవి సెలవులు 14 దాకా ఉన్నాయి, సగం మంది ఇండియాలో ఉంటారు. అక్టోబరు 3 జాతీయ సెలవు, 10న ఎంగిలిపూల బతుకమ్మ. ఇక మిగిలింది సెప్టెంబరు 26. ఆక్టోబర్‌ఫెస్ట్ జనంతో రైళ్ళు కిటకిటలాడతాయి, తెలుసు, అందుకే పొద్దున 10కే మొదలుపెట్టి 4కి ముగిద్దాం. మర్నాడు 27, 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రోజు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలైంది దాంతోనే, ఆ కారణమూ చెప్పుకోవచ్చు.

ఈ ఏడాదే ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14న ఆగిపోయాయి, ఇళ్ళలో వాడేవాళ్ళకి ఇచ్చిన అదనపు ఏడాది కూడా 2026 అక్టోబరు మధ్యలో అయిపోతుంది. మన వాళ్ళ ఇళ్ళల్లో అలమరాలో పడి ఉన్న పాత లాప్‌టాప్‌లు చాలావరకు విండోస్ 11కి పనికిరావు, కానీ వాటికి వేరే ఏ జబ్బూ లేదు. విండోస్ బదులు లినక్స్ అనే స్వేచ్ఛా సిస్టమ్ వేసి వాటిని చెత్తలోకి పోనివ్వకుండా చూడటం ఒక్కటి జరిగినా నాకు చాలు.

హాలు, భోజనాలు:
26కి హాలు ఖాళీగా ఉంది తమ్ముడూ, అడిగేశాను. శుక్రవారం లోపు ఖాయం చేయాలట. గోడల్లో ప్లగ్గులు తక్కువ, ఎక్స్‌టెన్షన్ బాక్సులు మనమే తెచ్చుకోవాలి. పాటలు పెడితే గేమాకి, అంటే పాటల హక్కులు చూసే సంస్థకి, ముందే చెప్పి రుసుము కట్టాలి, దీనికి అంత అవసరమా అని నా అభిప్రాయం, పాటలు వద్దు. పులిహోర, ఉప్మా, టీ. తినే బల్లలు వాకిలి దగ్గర, లాప్‌టాప్ బల్లలు లోపల, మధ్యలో మనిషి నిలబడాలి, చట్నీ చేతులతో కీబోర్డు దగ్గరకి ఎవరూ రాకూడదు. ఫొటోలు తీసేవాళ్ళు ముందు అడిగి తీయండి, పిల్లలవైతే అమ్మానాన్నలని అడగాలి, ఇక్కడ ఈ విషయంలో చాలా పట్టింపు.

ఇంకో మాట. పోస్టర్ మీద "ఉచిత సాఫ్ట్‌వేర్" అని ఉంది. అది చూసి మా పక్కింటావిడ దొంగ కాపీలు పంచుతారా అని అడిగింది, మరీ అలా అనిపిస్తే ఎలా?

సమన్వయం:
అక్కా, మంచి మాట చెప్పారు, పోస్టర్ మార్చేద్దాం. ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటకి రెండు అర్థాలుండి అక్కడి వాళ్ళు ఇన్నేళ్ళుగా వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకా ఇబ్బంది లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. జర్మన్‌లోనూ అంతే, కోస్టెన్‌లోస్ వేరు, ఫ్రై వేరు. హైదరాబాద్‌లో ఏళ్ళుగా ఈ పని చేస్తున్న సంస్థ పెట్టుకున్న పేరే స్వేచ్ఛ. కాబట్టి తెలుగులో "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్", జర్మన్‌లో "ఫ్రైయె సాఫ్ట్‌వేర్", అంతే.

ఎవరైనా తేడా అడిగితే వాట్సాప్ చూపించండి. దానికి డబ్బు కట్టక్కర్లేదు, కానీ లోపల ఏం జరుగుతోందో మనం తెరిచి చూడలేం, మార్చుకోలేం. వీడియోలు చూసే వీఎల్‌సీకీ డబ్బు కట్టక్కర్లేదు, కానీ దాన్ని ఏ పనికైనా వాడొచ్చు, ఎలా రాశారో చూడొచ్చు, పక్కవాళ్ళకి కాపీ ఇవ్వొచ్చు, మార్చి ఆ మార్చినదాన్నీ పంచొచ్చు. ఈ నాలుగూ చెబితే చాలు, ప్రసంగాలొద్దు. మొత్తం రోజులో స్టేజి మీద మాట్లాడేది 15 నిమిషాలే, మిగతాదంతా బల్లల దగ్గరే.

ఇన్‌స్టాల్ బల్ల:
ఈ బల్ల నేను చూస్తాను, కానీ నా షరతులు ఒప్పుకుంటేనే. రెండేళ్ళ కింద ఒక స్నేహితుడి ఇంట్లో లినక్స్ వేస్తూ, బ్యాకప్ ఉందా అని అడిగాను, ఉందన్నాడు, నేను చూడలేదు. లేదు. వాళ్ళ పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు పోయాయి. ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తే ఫొటోలు పెట్టే గోడ వైపు చూడలేను. అందుకని బ్యాకప్ నా కళ్ళతో చూడకుండా ఎవరి డిస్కూ ముట్టుకోను, ఎంత బతిమాలినా సరే.

వచ్చినవాళ్ళకి ముందు పెన్‌డ్రైవ్ మీంచే లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) నడిపి చూపిద్దాం. డిస్కు మీద ఏమీ రాయదు, వైఫై, సౌండు, కెమెరా పనిచేస్తున్నాయో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే పాతది పాతదే. 8 జీబీవి ఓ పది ఉంటే సరిపోతాయి. కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటుంది, బూట్ సెట్టింగు కదిపితే రికవరీ కీ అడుగుతుంది, అది ఎక్కడుందో చాలామందికి తెలీదు, దాంతో అందరికీ టెన్షన్. కీ ఇంటి దగ్గరే వెతుక్కుని తెచ్చుకోమని ఆహ్వానంలోనే రాయండి. ఆఫీసు లాప్‌టాప్‌లు అసలు తీసుకోం.

కుదరనివి కూడా దాచకుండా చెప్పాలి. ఫొటోషాప్ నడవదు, డెస్క్‌టాప్ ఎక్సెల్ నడవదు. వర్డ్, ఎక్సెల్ పనులు చేసే లిబ్రెఆఫీస్ చాలామందికి సరిపోతుంది, ఎక్సెల్‌లో పెద్ద మాక్రోలతో (వాటంతటవే నడిచేలా రాసుకున్న ఆదేశాలు) పని ఉన్నవాళ్ళకి సరిపోదు. ట్యాక్స్ సంగతి తప్పకుండా అడుగుతారు, ట్యాక్స్ దాఖలు చేసే ప్రభుత్వ సైటు ఎల్‌స్టర్ బ్రౌజర్‌లోనే ఉంది కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో చేసుకోవచ్చు.

తెలుగు బల్ల:
నాకు ఒక బల్ల, ఒక ప్రింటరు చాలు. ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురండి, ముఖ్యంగా వీసా మీద వచ్చి ఉన్న అమ్మలూ నాన్నలూ. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే పద్ధతీ, భారతీయ భాషల కీబోర్డు పద్ధతి ఇన్‌స్క్రిప్టూ రెండూ పెడతాను, అక్షరాల స్టిక్కర్లు అంటించిన కీబోర్డు కూడా. వాళ్ళు మనవడికి ఒక ఉత్తరం కొట్టి ప్రింటు తీసుకెళ్తే చాలు.

ఫాంట్ల గురించి కూడా చెప్పాలని ఉంది. మన సంఘం పాత సంచికలు తీసి చూశాను, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాని ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని గుర్తులు, మన వాళ్ళు కష్టపడి రాసుకున్న కథలు, కవితలు ఒక్క మాట వెతికినా దొరకవు. ఇప్పుడు మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, ఎవరైనా వాడొచ్చు, పంచొచ్చు. వచ్చే ఉగాది సంచిక వీటితోనే వేద్దామని నా కోరిక. పాతవాటిని మార్చే పనికి ఇద్దరు కావాలి, ఆ రోజే పేర్లు రాసుకుంటాను.

కొత్తగా చేరిన విద్యార్థి:
నమస్తే అండి, నాకు లినక్స్ రాదు, జర్మన్ బీ1 వరకూ, అంటే మధ్యస్థాయిలో, వచ్చు. నేనేం చేయగలను? ఇంకోటి, మా క్లాసులో జర్మన్ అబ్బాయిని పిలిస్తే, మ్యూనిక్ నగరపాలకవాళ్ళే లినక్స్ వాడి వదిలేశారు కదా అన్నాడు. నాకు జవాబు తెలీలేదు.

సమన్వయం:
జర్మన్ వచ్చినవాళ్ళే మాకు తక్కువ, వాకిలి దగ్గర పలకరింపు నువ్వే చూడు. వచ్చినవాళ్ళకి ఏం కావాలో అడిగి సరైన బల్లకి పంపడమే పని, లినక్స్ అక్కర్లేదు.

ఆ అబ్బాయి అన్నది నిజమే, కాదనొద్దు. లినక్స్‌కి మారాలని 2003లో నగర కౌన్సిల్ నిర్ణయించింది, ఆ పనికి లీమక్స్ అని పేరు పెట్టారు, 2013కల్లా సుమారు 15,000 కంప్యూటర్లు మారాయి, 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళాలని ఓటేశారు. కానీ అంతటితో ఆగలేదని కూడా చెప్పు, ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం సుమారు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లని లిబ్రెఆఫీస్‌కి మారుస్తున్నామని 2024లో ప్రకటించింది. ఆ అబ్బాయిని తప్పకుండా తీసుకురా, అలా అడిగేవాళ్ళు నలుగురుంటేనే ఆ 15 నిమిషాలు బాగుంటాయి.

ఇప్పటికి తేలినవి: పోస్టర్ మళ్ళీ నేను చేస్తాను. హాలు రేపే ఖాయం చేసేయండి అక్కా. పెన్‌డ్రైవ్‌లు నావి నాలుగున్నాయి, ఇంకా ఆరు కావాలి. పిల్లల బల్లకి బొమ్మలు గీసే టక్స్ పెయింట్ పెడదాం, దాని దగ్గర ఎవరు కూర్చుంటారో ఇంకా తేలలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఎవరింట్లో ఎన్నున్నాయో గురువారం లోపు ఇక్కడే రాయండి, ఒక్కోదాని మీద పేరు అంటించి మరీ తీసుకురండి.