బడ్జెట్‌లో సుంకం పెరిగితే విశాఖ పోర్టు సరుకుకు ఏ రేటు?

గాజువాక దిగుమతి:
ఓడ జనవరి 31కే ఔటర్ హార్బర్‌కి వస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) 29నే వేసేస్తే ఫిబ్రవరి 1 ప్రసంగంలో సుంకం పెంచినా పాత రేటేనా? పెంపు ఉన్న ఫైనాన్స్ బిల్లు ఇంకా పార్లమెంటు దాటలేదు కదా!

సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంట్) శ్రీను:
కాదండీ. కస్టమ్స్ చట్టం సెక్షన్ 15 ప్రకారం ముందే వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీకి ఓడకు 'ఎంట్రీ ఇన్‌వార్డ్స్' (సరుకు దింపడానికి కస్టమ్స్ అనుమతి) ఇచ్చిన తేదీయే లెక్క. అది 2న వస్తే ఫైలింగ్ 29నాటిదైనా 2నాటి రేటే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బాండెడ్ గోడౌన్‌లో (సుంకం ఇంకా కట్టకుండా ఉంచే చోటు) ఉన్న సరుకైతే, దాన్ని బయటికి తీసేందుకు ఎక్స్‌బాండ్ బిల్లు వేసిన రోజు రేటు.

సభ సంగతులు:
ఆమోదం కోసం ఆగరు. ఫైనాన్స్ బిల్లులో పెంపు వెంటనే అమలు కావాలన్న డిక్లరేషన్ ఉంటే 2023 నాటి తాత్కాలిక పన్ను వసూళ్ల చట్టం కింద పెంపు ఆ అర్ధరాత్రి నుంచే అమలు, 75 రోజుల్లో బిల్లు చట్టం కావాలన్న గడువుతో. తగ్గింపులు మాత్రం ఎక్కువగా నోటిఫికేషన్లతో వస్తాయి. ఇక రాజ్యసభ ఆపుతుందనుకోకండి. మనీ బిల్లు కాబట్టి 14 రోజుల్లో సిఫారసులు పంపడం వరకే దాని పని. లోక్‌సభ వాటిని పక్కనపెట్టొచ్చు.

గాజువాక దిగుమతి:
లోక్‌సభే సవరించి రేటు తగ్గిస్తే?

సీహెచ్‌ఏ శ్రీను:
అదనంగా కట్టింది వాపసు వస్తుంది. కానీ సుంకాన్ని కొనేవాడి మీద వేయలేదని చూపాలి, సీఏ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. ఇన్వాయిస్‌లో పెంపును కలిపేశారో, ఆ డబ్బు మీ చేతికి రాదు, వినియోగదారుల సంక్షేమ నిధికి పోతుంది.