పురుగుమందుల అంగడిలో ఉద్యోగం సమ్యక్ జీవనం అవుతుందా?

ప్రశ్న (చిత్తూరు నుండి ఒక గుమాస్తా):

పెద్దలకు నమస్కారం. నేను పదకొండేళ్లుగా చిత్తూరు దగ్గరి ఒక పల్లెలో ఎరువులు, పురుగుమందులు అమ్మే అంగడిలో గుమాస్తాగా పని చేస్తున్నాను. రెండేళ్లుగా బౌద్ధ గ్రంథాలను తెలుగు అనువాదాలలో చదువుకుంటున్నాను. వాటిలో సమ్యక్ జీవనం, అంటే ఎవరికీ హాని చేయని బతుకుదెరువు, అన్న మాట నన్ను ఆపింది. మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది తోతాపురి మామిడి రైతులు. మందులు అప్పుగా తీసుకుపోయి, కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన తరువాత బాకీ తీర్చడం ఇక్కడి ఆనవాయితీ. ధర పడిపోయిన ఒక ఏడాది, కోతకూలి కూడా గిట్టక కాయను చెట్టుమీదే వదిలేసిన ఒక రైతు మా అంగడిలో కొన్న మందునే తాగాడు. తిరుపతిలో వైద్యం చేయించగా ప్రాణం దక్కింది. ఆ సంగతి విన్న మా యజమాని "ఎవరి కర్మ వారిది, మనమేం చేస్తాం" అని, వెంటనే బాకీల పుస్తకం తీశారు. ఆయన చెడ్డవారని నేను అనలేను. మా అమ్మాయి చదువుకు డబ్బు సర్దినది ఆయనే.

బుద్ధుడు వద్దన్న విష వ్యాపారంలోకి నా ఉద్యోగం వస్తుందా? వస్తే, ఇల్లు గడవడానికి వేరే ఆధారం లేనివాడు ఏం చేయాలి? ఆ రైతుకు జరిగినది నిజంగా ఆయన పూర్వకర్మ ఫలమేనా?

సమాధానం (తిరుపతి, బౌద్ధ గ్రంథాల భాష పాళి చదువుకున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు):

మీ చివరి ప్రశ్నను ముందు తీసుకుంటాను, ఎందుకంటే కర్మ అనే మాటను మనం తలరాత అన్న అర్థంలో వాడి వాడి అరగదీశాము. బుద్ధుని ఉపదేశాల సంకలనాలైన నికాయాలలో ఒకటి సంయుత్త నికాయం. అందులో మోళియసీవకుడనే పరివ్రాజకుడు రాజగృహంలోని వేణువనానికి వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని వల్లనే కలుగుతాయని కొందరు అంటున్నారు, మీరేమంటారని బుద్ధుణ్ణి అడుగుతాడు. దానికి బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసిన సన్నిపాతం, ఋతువుల మార్పు, దేహం పట్ల అజాగ్రత్త, బయటి నుండి తగిలే దెబ్బ, కర్మ విపాకం (చేసినదాని ఫలం) అని ఎనిమిది కారణాలు చెప్పి, అన్నిటినీ పూర్వకర్మకే అంటగట్టేవారు తమ అనుభవాన్నీ, లోకం సత్యమని ఒప్పుకున్నదాన్నీ కూడా మీరిపోతున్నారని అంటాడు. ఎనిమిదింటిలో కర్మ వంతు ఒకటి. అంతా పూర్వకృతమేనని నమ్మినవాడికి ఇది చేయాలి, ఇది మానాలి అన్న పట్టుదల మిగలదని అంగుత్తర నికాయంలో మరొకచోట హెచ్చరిస్తాడు. మామిడి ధర పడిపోతే రైతు గతజన్మను తవ్వడానికి ఆ గ్రంథాలలో ఆధారం నాకు కనబడలేదు. దొంగతనాలు పెరిగిన రాజ్యానికి కూటదంత సుత్తం అనే ఉపదేశంలో రాజుగారి పురోహితుడు సూచించిన మందు ఏమిటో చూడండి: సేద్యం చేసేవారికి విత్తనం, మేత, వర్తకులకు పెట్టుబడి, కొలువు చేసేవారికి జీతం, బత్తెం.

ఇక ఉద్యోగం మాట. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం, ఈ ఐదింటి వ్యాపారం ఉపాసకుడు, అంటే ఇంట్లో ఉండి ధర్మం పాటించేవాడు, చేయరాదని వణిజ్జ సుత్తం చెబుతున్నది. ప్రాణిని చంపడానికే తయారైన ద్రవ్యాన్ని విషం కాదని వాదించడం నా వల్ల కాదు. సంకల్పమే కర్మ అన్న బుద్ధవచనాన్ని చాలామంది ఇక్కడ అడ్డం పెట్టుకుని, చంపాలన్న ఉద్దేశం మాకు లేదుగా అంటారు, కాని సీసా చేతికిచ్చేటప్పుడు అది దేనికి పనికివస్తుందో తెలిసే ఇస్తున్నాము కదా. వీలు చిక్కినప్పుడు మారండి అన్నదే నా అభిప్రాయం.

సమాధానం (దామలచెరువు వైపు మామిడి రైతు):

మాస్టారు చెప్పినది గ్రంథానికి సరిపోతుంది, తోటకు సరిపోదు. పూత మీద తేనెమంచు పురుగు దిగితే ఆ ఏడాది కాపు పోయినట్టే. అమ్మినవాడిది దోషమైతే కొట్టిన నాది, తిన్న మీది ఎక్కడికి పోతుంది? నాకు తెలిసినంతలో తేడా అంతా అంగడి బల్ల దగ్గర పలికే మాటలో ఉంటుంది. మోసం, ముఖస్తుతి, లాభంతో లాభాన్ని వేటాడడం వంటివాటిని మజ్ఝిమ నికాయం తప్పుడు జీవనంగా లెక్కిస్తుంది. ఒక డబ్బా చాలినచోట మూడు అంటగట్టడం, కంపెనీ బహుమతి కోసం ఒకే మందును పొగడడం అదే కోవలోవి.

డబ్బా మీది త్రికోణం రంగు ఎందుకుందో ఎంతమంది గుమాస్తాలు రైతుకు చెబుతున్నారు? ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం, తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఎరుపు అడిగినవాడికి తక్కువ విషమున్నది సరిపోతుందేమో చెప్పి చూడండి. వేపనూనె, పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు, జిగురు అట్టలు కూడా అమ్మకానికి ఉంచండి. బౌద్ధులు అధికంగా ఉన్న శ్రీలంకలో 1980ల నుండి అత్యంత ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. 1998లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కూడా పోయింది. ఆ తరువాతి ఏళ్లలో అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన దేశంలో ఎండోసల్ఫాన్ ఆగడానికి 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వు కావలసి వచ్చింది.

సమాధానం (తిరుపతిలో నర్సుగా పనిచేస్తున్న ఒక ఉపాసిక):

అన్నగారూ, ఇంత చర్చలో ఆ రైతు ఇప్పుడెలా ఉన్నాడని ఎవరూ అడగలేదు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే బుద్ధుడు, ఆయన శిష్యుడు ఆనందుడు కలిసి కడిగి పడుకోబెట్టారని, నాకు సేవ చేయదలచినవారు రోగికి చేయండని బుద్ధుడు చెప్పాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఉంది. మందు తాగి బతికినవారిని నేను రోజూ చూస్తాను. దేహం కోలుకున్నా, ఊరివారు "కర్మ" అన్న మాట మంచం దాకా వచ్చి, ఒక బాణం తగిలినవాడికి తగిలే రెండో బాణంలా గుచ్చుకుంటుంది. బాకీ అడగని మనిషి ఒకరు వచ్చి కూర్చుంటే, తోట సంగతి మాట్లాడితే వారి ముఖంలో తేడా తెలుస్తుంది. ఇంట్లో మందు డబ్బాలను తాళం వేసిన పెట్టెలో ఉంచి, తాళంచెవి మరొకరి దగ్గర పెట్టమని కూడా చెప్పండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన మార్పు వెంటనే నా చేతిలో లేదు. విత్తనాలు, ఎరువులు మాత్రమే అమ్మే పని ఎక్కడైనా దొరుకుతుందేమోనని విచారిస్తున్నాను. ఆదివారం ఆ రైతు ఇంటికి వెళ్లాను. గంటసేపు కూర్చున్నాము. చెట్ల కొమ్మలు కత్తిరించాలా, ఈ ఏడాదికి వదిలేయాలా అని ఆయన అడిగారు. పెట్టెకు తాళం నేనే కొని ఇచ్చాను. తాళంచెవి ఆయన భార్య తీసుకున్నారు. బాకీ గడువు పెంచమని యజమానిని అడగవలసి ఉంది, ఇంకా అడగలేదు.